కాలవ నీళ్ళు తాగిన సైకిల్

నా గొంతు బొంగురు. పుట్టుకతో వచ్చింది కాదు, ఉప్పు అమ్మితే వచ్చింది. తెనాలి వీధుల్లో పొద్దున్నే "ఉప్పో, రాళ్ళుప్పో" అని అరుస్తూ తిరిగితే ఎవరి గొంతైనా ఇంతే. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతుంటే మా వరసలో ఉండే టీచరమ్మ రాస్తోంది. మొదట్లోనే ఆపి, ఇది సైకిల్ గురించా, మీ ఆయన గురించా అని అడిగింది. సైకిల్ గురించే. ఆయన గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మంచివాడు, తక్కువ మాట్లాడేవాడు, ఒకరోజు టీ తాగి గ్లాసు కింద పెట్టి పోయాడు.

ఆయన పోయాక నాకు మిగిలింది ఆయన సైకిలూ, ఆయన తిరిగిన వీధులూ. మధ్యలో అడ్డకడ్డీ ఉన్న మగాళ్ళ సైకిల్ అది. నాకు తొక్కడం రాదు. నేర్చుకుందామన్నా నా చీర ఒక అడ్డం, ఆ కడ్డీ ఒక అడ్డం. నెట్టుకుంటూ నడుస్తాను. వెనక క్యారియర్ మీద బస్తా, కడ్డీకి ఇటూ అటూ సంచులు, హ్యాండిల్‌కి త్రాసు. బరువు అది మోస్తుంది, అది పడిపోకుండా నేను పట్టుకుంటాను. అలా పక్క ఊరు అంగలకుదురు దాకా వెళ్ళి వస్తాను.

కొట్లో ప్యాకెట్టు ఉప్పు ఉండగా నీ దగ్గర ఎవరు కొంటారని అడిగేవాళ్ళున్నారు. ఆవకాయకి ప్యాకెట్టు ఉప్పు పనికిరాదు. చేపలు రుద్దడానికి పనికిరాదు. దిష్టి తీయడానికి అసలే పనికిరాదు, పొయ్యిలో వేస్తే చప్పుడు రాదు. చప్పుడు రాకపోతే దిష్టి పోయిందో లేదో తల్లికి ఎలా తెలుస్తుంది?

ఆ సైకిల్‌ని ఆయన చూసుకున్నంత బాగా ఈ ఊళ్ళో ఎవరూ చూసుకుని ఉండరు. ముఖ్యంగా దసరాకి. ఆయుధపూజ రోజు పొద్దున్నే కాలవ గట్టుకి తీసుకెళ్ళేవాడు. ముందు సీటు విప్పేవాడు. సీటుకి నీళ్ళు తగిలితే లోపలి స్పాంజి కుళ్ళిపోతుందని ఆయన భయం. సీటు నా చేతికిచ్చి, సైకిల్‌ని భుజానికెత్తుకుని కాలవలోకి దిగి, దాన్ని పక్కకి పడుకోబెట్టి నీళ్ళలో ముంచేవాడు. గేదెని కడిగినట్టు వరిగడ్డి చుట్టతో రుద్దేవాడు. సీటు ఉండాల్సిన గొట్టంలోంచి బుడబుడమని బుడగలు వచ్చేవి. "దాహం వేసింది దానికి," అనేవాడు. ఆయన వేసిన జోకుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే. తర్వాత గట్టు మీద పసుపు, కుంకుమ, గంధం బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కూడా దాని మీదే పోసేవాడు.

మా ఆడబిడ్డ బాపట్లలో ఉంటుంది, ఆయనకి అక్క. వాళ్ళాయన సోడాలు అమ్ముతాడు, నేను అన్నయ్యగారంటాను. బావా బావమరుదులు ఇద్దరూ ఒకే రోజు తెనాలిలో ఒకే కొట్లో ఒకే రకం సైకిళ్ళు కొన్నారు. ప్రతి దసరాకీ అన్నయ్యగారు తన సైకిల్‌ని రైలు పెట్టెలో వేసుకుని మా ఊరు వచ్చేవాడు. రెండింటినీ పక్కపక్కనే ముంచేవాళ్ళు. మా వాళ్ళంతా వాటిని కవల పిల్లలనేవాళ్ళు. ఆయన పోయిన తర్వాత కూడా అన్నయ్యగారు ఆ పద్ధతి మానలేదు, బాపట్లలోనే కాలవ చూసుకున్నాడు. నేను మాత్రం మానేశాను. సైకిల్‌ని ఎత్తి కాలవలో దించే బలం నాకు లేదు. తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టి ఊరుకునేదాన్ని. మా ఆడబిడ్డ అది మనసులో పెట్టుకుంది. "మొగుడు పోతే సైకిల్‌కి స్నానం కూడా మాన్పించావా అమ్మాయ్," అని ఒక పెళ్ళిలో పదిమందిలో అడిగింది.

ఇలా ఉండగా పోయిన వేసవిలో కవలల్లో ఒకటి విరిగింది. అన్నయ్యగారు సముద్రం వైపు రోడ్డులో సోడాల పెట్టె కట్టుకుని వెళుతుంటే, సీటు కింద గొట్టం అడుగున తెగి సైకిల్ రెండుగా అయింది. ఆయనకి మోకాలు చెక్కుకుపోయింది, అంతే. సోడాలు మాత్రం వరసగా పేలాయి. రోడ్డు మీద జనం పరిగెత్తారట. ఒకాయన ఇంటికి చేరేదాకా పరుగు ఆపలేదట.

నేను చూడ్డానికి వెళ్ళాను. రెండు ముక్కలూ పెరట్లో గోడకి ఆనించి ఉన్నాయి. పైన రంగు నిగనిగలాడుతోంది, దసరా నాటి గంధం బొట్టు చెక్కుచెదరలేదు. తెగిన చోట లోపలికి చూస్తే, మాడిన గిన్నెలో పెచ్చు కట్టినట్టు ఉంది. వేలు పెడితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. గొట్టం మందం కాస్తా బొబ్బట్టు రేకంత పల్చగా అయిపోయింది.

"మా తమ్ముడి సైకిలూ ఇదే కదే," అంది మా ఆడబిడ్డ.

"అదేనండి వదినా."

"నీది కూడా రేపో మాపో."

ఆవిడ చెడు కోరి అనలేదు. ఏ మాటైనా అలాగే అంటుంది.

నేను తెనాలిలో రైలు దిగేలోపు ఆ కబురు రేపల్లె చేరింది. రేపల్లెలో నా తమ్ముడున్నాడు, టిఫిన్ బండి నడుపుతాడు. నేను ఇంటి తాళం తీస్తుండగానే ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ సైకిల్ అమ్మేయ్."

"ఎవరు కొంటారు?"

"పాత ఇనప సామాన్ల వాడు."

"తర్వాత నేనేం చెయ్యను?"

"రేపల్లె వచ్చెయ్. మా ఇంట్లో కూర్చో."

"కూర్చుని?"

"కూర్చుని ఏంటి? కూర్చోవడమే."

వాడు మంచివాడు. వాడి పెళ్ళాం వాడికంటే మంచిది. అక్కడ నాకు అన్నం లోటు ఉండదు, మాట లోటు కూడా ఉండదు. కాని రేపల్లెలో నేను ఇడ్లీ బండివాడి అక్కని. తెనాలిలో ఉప్పమ్మని. నేను రెండు రోజులు రాకపోతే, ఏమైందని అడిగే గుమ్మాలు ఇక్కడ ఉన్నాయి. వాడింట్లో మంచం మీద కూర్చుంటే నేను ఎవర్నో నాకే గుర్తుండదేమోనని నా బాధ. అది వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు. ఇంకో సైకిల్ కొనుక్కోవచ్చు కదా అంటే, ఇప్పుడు కొట్లలో ఉన్నవి సన్న గొట్టాలవి, గేర్లవి. వాటి మీద ఉప్పు బస్తా పెడితే నాకంటే ముందు అవే కూర్చుంటాయి.

చివరికి ఒప్పందం చేసుకున్నాం. సైకిల్ లోపల బాగుంటే నేను ఇక్కడే ఉంటాను, వాడు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. పుచ్చిపోయి ఉంటే అమ్మేసి వాడి వెంట వెళ్ళిపోతాను, నేను మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. చూసేటప్పుడు తాను కూడా పక్కన ఉంటానన్నాడు. నా మీద నమ్మకం లేక కాదట.

వాడు వచ్చేలోపు నేనే ఒకసారి చూసుకున్నాను. సైకిల్‌ని తలకిందులు చేసి చెవి పెట్టి విన్నాను. లోపల డబ్బాలో ఆవాలు ఒంపినట్టు గలగలమని ఏదో జారింది. తిన్నగా నిలబెడితే మళ్ళీ జారింది. తర్వాత గరిట కాడతో గొట్టాలన్నీ తట్టాను, సంతలో కుండ కొనేటప్పుడు తట్టినట్టు. పెద్ద గొట్టాలు ఖంగుమన్నాయి. వెనక చక్రం పక్కన పెడలు దగ్గర నుంచి వెళ్ళే సన్న గొట్టం ఒకటి ఖంగుమనలేదు, పగిలిన కుండ పలికినట్టు పలికింది. అక్కడ రంగు కింద ఆటలమ్మ పొక్కుల్లా చిన్న చిన్న బుడిపెలు. జాకెట్టుకున్న పిన్నీసు తీసి ఒక బుడిపె మీద ఒత్తాను. పిన్నీసు లోపలికి దిగింది. ఇనుములోకి పిన్నీసు దిగడం నేను అప్పుడే చూశాను. తీసి జాకెట్టుకి మళ్ళీ పెట్టుకుని, వంట చేసుకుని, తిన్నాను. కూరలో ఉప్పు వేయలేదని తిన్నాక తెలిసింది.

మా బజారు చివర సైకిల్ షాపు సాయిబుగారిది. మా ఆయన కొన్నప్పటి నుంచీ ఈ సైకిల్ పంచర్లన్నీ అక్కడే. తమ్ముడు పొద్దున్నే రేపల్లె రైల్లో దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. చేతిలో పచ్చడి డబ్బా, వాళ్ళావిడ పంపింది. లావుపాటి మనిషి, షాపులో స్టూలు మీద కూర్చుంటే స్టూలు మూలిగింది.

"ముందు ఆ స్టూలు చూడండి సాయిబుగారూ," అన్నాను.

"అది మా నాన్న నాటిది చెల్లెమ్మా, దానికేం కాదు," అన్నాడు సాయిబుగారు.

సీటు కిందుండే కడ్డీ రాలేదు. గొట్టంలో తుప్పుకి అతుక్కుపోయింది. కిరసనాయిలు పోసి, నానబెట్టి, సుత్తితో తట్టి, మళ్ళీ పోసి, పైపురెంచి పట్టి సాయిబుగారూ తమ్ముడూ చెరోవైపు తిప్పితే, పన్ను పీకినట్టు వచ్చింది. తర్వాత సాయిబుగారు కింద పెడళ్ళ ఇరుసు విప్పాడు. విప్పగానే ఆ డొల్లలోంచి నీళ్ళు కారాయి, ఎర్రగా, కషాయంలా. తమ్ముడు లేచి నిలబడ్డాడు. సాయిబుగారు వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు.

"ఉప్పు బస్తాలే కదండీ మోసేది," అన్నాను.

"బస్తా చెమర్చి ఊటంతా దిగింది సరే. ఇన్ని నీళ్ళెక్కడివి? వానలో వదిలేస్తారా?"

"లేదండి. చూరు కిందే పెడతాను. ఆయనుండగా మాత్రం దసరాకి కాలవలో ముంచేవాడు."

"సీటుతోనా?"

"సీటు తీసేనండి. సీటు పాడవుతుందని."

సాయిబుగారు సీటు కేసి చూశాడు. అది బల్ల మీద ఉంది, కొత్తదానిలా.

"సీటు బాగుంది," అన్నాడు.

గొట్టానికి మూతలా ఉండే సీటు తీసి ముంచితే నీళ్ళు నేరుగా అడుక్కి దిగుతాయట. బయటికి పోయే దారి లేదు. పైనంతా ఎండినా, అడుగున ఏళ్ళ తరబడి చెమ్మే, దానికి ఉప్పు తోడైతే ఇక ఆరదట. బాపట్లలో అయితే దానికి సముద్రపు గాలి తోడు. ఆయన పోయాక నేను ముంచలేదని చెబితే సాయిబుగారు తలాడించాడు.

"ముంచకపోబట్టే ఇంకా ఉంది."

 మా ఆయన అంత శ్రద్ధగా రుద్దిందంతా కళ్ళ ముందు తిరిగింది. మా ఆడబిడ్డ పెళ్ళిలో అన్న మాట కూడా తిరిగింది.

తమ్ముడు ఫోన్ లైటు వేసి గొట్టంలోకి చూశాడు. "అక్కా, లోపలంతా ఎర్రగా ఉంది. పుచ్చిపోయింది. పద, సర్దుకో," అన్నాడు. వాడి గొంతులో సంతోషం లేదు, అందుకే నాకు భయం వేసింది.

"ఆగవయ్యా," అన్నాడు సాయిబుగారు. "ఎర్రగా ఉన్నదంతా పుచ్చు కాదు. పొడిగా రాలితే పైపైన పట్టిన తుప్పు. పెచ్చులుగా ఊడితే ఇనుముని తినేసినట్టు."

పొడుగాటి తీగకి గుడ్డ చుట్టి, కిరసనాయిలులో ముంచి, లోపల తోమాడు. మొదటి గుడ్డ కాఫీ పొడి రంగు. తర్వాతవి పల్చబడుతూ వచ్చాయి. చివరి గుడ్డ బూడిద రంగులో వచ్చింది. ఆ తర్వాత స్క్రూడ్రైవరు మొనతో గొట్టాలన్నీ జానెడు జానెడుగా ఒత్తుకుంటూ పోయాడు, డాక్టరు కడుపు నొక్కినట్టు.  లావు గొట్టాలు ఎక్కడా లొంగలేదు. నా పిన్నీసు దిగిన సన్న గొట్టం దగ్గర స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది.

"ఇది పోయింది," అన్నాడు.

"చెప్పానా," అన్నాడు తమ్ముడు.

"ఇదొక్కటే పోయింది. పాత ఫ్రేములోంచి ఇంకోటి కోసి, ఇత్తడి పోసి అతికిస్తాను."

"మరి బాగున్నట్టా, పుచ్చినట్టా?" తమ్ముడు గట్టిగా అడిగాడు. "మా ఒప్పందంలో ఈ రెండే ఉన్నాయండి."

"నీకు పంటి నొప్పొస్తే పన్ను పీకించుకుంటావా, తల తీయించుకుంటావా?"

 అతికాక చూద్దాం, అప్పటిదాకా నేను కదలను అన్నాడు తమ్ముడు.

గొట్టం అతికించాక సైకిల్‌ని ఎండలో తలకిందులుగా ఆరబెట్టి, సాయిబుగారు లోపల నూనె పోశాడు. తలుపులకి రంగు వేసేవాళ్ళు కలుపుతారే, అవిసె నూనె, అది. ఆరితే పొరలా కట్టి ఇనుముకి గాలి తగలనివ్వదట. ఫ్రేముని ఇటు దొర్లించి, అటు దొర్లించి, పసిబిడ్డకి నలుగుపెట్టే ముందు నూనె పట్టించినట్టు మూలమూలకీ పట్టించాడు. మిగిలింది ఒంపేసి, షాపు కప్పుకి తాడుతో వేలాడగట్టాడు. పెడళ్ళ ఇరుసు డొల్లకి అడుగున చిన్న రంధ్రం వేశాడు, నీళ్ళు దిగినా కారిపోవడానికి. సీటు కడ్డీకి గ్రీజు రాసి, గొట్టం మూతి చుట్టూ పాత ట్యూబు ముక్క బిగించాడు. ఎప్పుడైనా కడగాలంటే సీటు తీయొద్దని నాకు రెండు మూడుసార్లు చెప్పాడు. అన్నయ్యగారికి కూడా చెప్పమన్నాడు. చెప్పాను. నీళ్ళు పోయకపోతే అది పూజేంటని మా ఆడబిడ్డ ఇప్పటికీ వాదిస్తోంది. అన్నయ్యగారు పాత సైకిల్ ఇంకొకటి కొన్నాడు, దాన్ని మాత్రం గుడ్డతోనే తుడుస్తున్నాడు, ఆవిడ చూడనప్పుడు.

నూనె ఆరేదాకా సైకిల్ లేదు. ఉప్పు గంపకెత్తి నెత్తిన పెట్టుకుని బయల్దేరాను. తమ్ముడు ఇంట్లో ఉండలేక త్రాసు పట్టుకుని వెంట వచ్చాడు. నా గొంతు ఆ పూట మరీ పోయింది, నువ్వు కేకెయ్ అన్నాను. వాడు సిగ్గుపడి, "ఉప్పండి, ఉప్పు కావాలాండి," అన్నాడు, బండి దగ్గర చట్నీ కావాలా అని అడిగినట్టు. ఒక్క తలుపు తీయలేదు. మేడ మీదావిడ తొంగిచూసి, "ఏంటి ఉప్పమ్మా, ఎవరో అతను ఏదో అడుక్కుంటున్నాడు," అంది.

"మా తమ్ముడండి."

"అయ్యో, బంగారం లాంటి మనిషిని అలా అనేశాను. మీ అక్కని తీసుకుపోవడానికి వచ్చావా బాబూ? మా ఆవకాయ పెట్టాక తీసుకెళ్ళు."

తర్వాత గుమ్మంలో ఒక ముసలావిడ, సైకిలేదని అడిగింది. ఆ తర్వాత గుమ్మంలోనూ అదే. మధ్యాహ్నానికి తమ్ముడే నాకంటే ముందు, "షాపులో ఉందండి, నూనె ఆరుతోంది," అని చెప్పడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాం. మజ్జిగలోకి వచ్చాక, "వీళ్ళంతా రోజూ ఇలాగే మాట్లాడతారా?" అన్నాడు.

"వాళ్ళకి వేరే పనేముంది," అన్నాను.

సైకిల్ చేతికొచ్చిన రోజు వాడికి రైలు. అతుకు మీద కొత్త రంగు, వేరే రంగు, దొరికింది అదే. సాయిబుగారు నాకు అప్పగిస్తుంటే తమ్ముడు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"తేలాల్సింది తేలలేదు," అన్నాడు. "నేను తొక్కుతాను. నువ్వు వెనక కూర్చో. నువ్వూ నేనూ కలిస్తే నీ బస్తాల కంటే ఎక్కువే. స్టేషను దాకా విరక్కపోతే నువ్వు గెలిచినట్టు. విరిగితే అటునుంచటే రైలెక్కుదువు గాని."

"నా చీరలు?"

"తర్వాత తెస్తాను."

క్యారియర్ మీద పక్కకి తిరిగి కూర్చున్నాను. వాడు తొక్కాడు. మంచి రోడ్డు వదిలేసి గుంతలున్న రోడ్డే పట్టాడు. ఒక్క గుంత కూడా తప్పించలేదు. స్పీడు బ్రేకరు కనబడితే నెమ్మది చేయాల్సింది పోయి ఇంకా గట్టిగా తొక్కాడు. నా నడుము నాకు కాకుండా పోయింది. సైకిల్ కిర్రుమంటే ఇద్దరం చెవి ఒగ్గి విన్నాం. సీటు స్ప్రింగు అది. కాలవ వంతెన ఎక్కేటప్పుడు వాడి వీపంతా తడిసిపోయింది. దిగేటప్పుడు బ్రేకు వేయలేదు.

స్టేషను ముందు మలుపులో తారు లేచిపోయి పెద్ద గొయ్యి ఉంది, ఆటోలే తప్పించుకుపోతాయి. తమ్ముడు దాని దాకా వచ్చి, ఆపి, దిగాడు. నన్నూ దిగమన్నాడు. సైకిల్‌ని చుట్టూ తిప్పి నెట్టుకుంటూ నడిచాడు.

"ఏరా, అందులోంచి పోనియ్యలేదే?"

"రైలుకి ఇంకా టైముందిలే," అన్నాడు.

స్టేషను మెట్ల దగ్గర హ్యాండిల్ నా చేతికిచ్చాడు. వంగి అతుకు మీద బొటనవేలితో ఒత్తి చూశాడు. పచ్చడి డబ్బా ఖాళీ అయితే కడిగి ఎవరిచేతైనా పంపమన్నాడు, వాళ్ళావిడ అడుగుతుందట. టికెట్టు కిటికీ దగ్గర వాడు వరసలో నిలబడ్డం చూసి, నేను సైకిల్ వెనక్కి తిప్పుకున్నాను. ఎండ ఇంకా ముదరలేదు, అంగలకుదురు కాకపోయినా దగ్గరి వీధులు రెండు తిరగొచ్చు. ఇంటికెళ్ళి బస్తా కట్టుకున్నాను.